అరిగిన గీటురాయి

ఆ రోజు పరీక్షకు వచ్చినవాళ్ళందరూ చక్కగా ఏడ్చారు. మా మొదటి తప్పు అదే.

మా ల్యాబు మణికొండలో ఒక పాత డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో ఉండేది. సినిమాను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపేటప్పుడు మాటలు మారుస్తారు. చప్పుళ్ళు మార్చరు. నేపథ్య సంగీతం, తలుపు మూసిన చప్పుడు, వెనకాల ఎక్కడో కుక్క మొరగడం, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. మన సినిమాలో తల్లి పోయినప్పుడు వయొలిన్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే నార్వేలో ఒక థియేటర్లో జనం నవ్వారు. అది మా ల్యాబు డైరెక్టర్ ఇమ్మానుయేలు సార్ స్వయంగా చూసి వచ్చారు. వాళ్ళ సినిమాలో తండ్రి పోయినప్పుడు ఏ సంగీతమూ లేకుండా వదిలేస్తే, ఇక్కడ మన హాల్లో వెనక వరసల నుంచి "సౌండూ!" అని కేకలు, ఈలలు. ఆపరేటర్ కంగారుపడి వైర్లు చూసుకున్నాడు.

ఈ చిక్కు తీర్చడానికి సార్ ఒక యంత్రం తలపెట్టారు. దాన్ని మేం మారుగొంతు అనేవాళ్ళం. ఒక దేశం చప్పుడు దానికి ఇస్తే, ఇంకో దేశంలో అదే పని చేసే చప్పుడు వెతికి తేవాలి. అందుకు ముందు, ఏ చప్పుడుకు మనిషి ఎంత కదులుతాడో కొలవాలి. ఏడుపు కళ్ళలో మొదలుకాదు. గొంతులో మొదలవుతుంది. కాబట్టి మెడకు కట్టే పట్టీలు తయారుచేశాం.

కృష్ణానగర్ నుంచి ఒక ఏజెంటు జనాన్ని తెచ్చాడు. పట్టీలు కట్టి కూర్చోబెట్టాం. రైలు కూతకు ఏడ్చారు. పెళ్ళి సన్నాయికి ఏడ్చారు. మధ్యలో ఊరికే చూద్దామని ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే దానికీ ఏడ్చారు. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. పట్టీల గీతలు మాత్రం తెర మీద చదునుగా పడుకుని ఉన్నాయి.

సార్ ముందు వరసలో ఉన్న పెద్దావిడ దగ్గరకు వెళ్ళారు.

"ఏమ్మా, కుక్కర్ విజిల్‌కి ఏడుపెందుకొచ్చింది మీకు?"

"రాలేదండీ. ఏడుపు సీనన్నారుగా మరి. గ్లిజరిన్ ఇవ్వరు, సొంతంగా ఏడవాలని ఏజెంటు ముందే చెప్పాడు."

"సీనా?"

"నేను ఒక్క షాటుకైనా ఆగలేదండీ, చూశారుగా. ఇంకేదైనా సీనుంటే నన్నే పిలవండి."

అందరూ జూనియర్ ఆర్టిస్టులే. సార్ నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే తల పట్టుకుని కూర్చున్నారు.

వచ్చినవాళ్ళు ఎలాగూ ఉన్నారు కదా అని మిగిలిన ఒక్క ముక్కా వేసేశాం. అది ఒక కుర్ర దర్శకుడి సినిమాలోది. మా చీరాల వైపు నేతగాళ్ళ మీద తీశాడు. వంటింట్లో ఇల్లాలు పులుసు కలుపుతూ ఉంటుంది. గోడ అవతల మగ్గం ఆడుతూ ఉంటుంది. మాటల్లేవు. సంగీతం లేదు. ఉన్నట్టుండి మగ్గం ఆగుతుంది. గరిటె వెంటనే ఆగదు, ఇంకాస్త తిరుగుతుంది. తర్వాత ఆగుతుంది. అంతే.

జూనియర్ ఆర్టిస్టులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ చెయ్యెత్తి, "సౌండు పోయినట్టుందండీ" అంది.

పట్టీలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఒకటి నేనూ కట్టుకున్నాను. తెర మీద అన్ని గీతలూ చదునుగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది పైకి లేచి అంచు దాటిపోయింది.

"భద్రావతీ, నీ పట్టీ ఊడిందా?" అన్నారు సార్.

లేదు సార్ అని చెప్పబోయాను. గొంతు పెగల్లేదు.

మాది నేతగాళ్ళ వీధి. ఆ చివర నుంచి ఈ చివర దాకా అన్నీ నేలలో దింపిన గుంట మగ్గాలే. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే తిన్నాను, చదివాను, నిద్రపోయాను. అది వినపడేది కాదు. ఆగితే వినపడేది. వీధిలో ఎవరైనా పోతే కబురు చెప్పడానికి ఎవరూ తిరగక్కర్లేదు. ఆ ఇంటి మగ్గం ఆగుతుంది, పక్కింటిది ఆగుతుంది, అలా వరసగా ఆగుతూ వస్తాయి. మా అమ్మ పోయిన రోజు నేను బళ్ళో ఉన్నాను. లెక్కల క్లాసు. మాస్టారు బోర్డు మీద రాస్తూనే ఉన్నారు. కిటికీలోంచి వచ్చే చప్పుడు పలచబడుతూ పలచబడుతూ పోయింది. నేను పుస్తకాలు సర్దుకుని లేచి నిలబడ్డాను.

ఇదంతా సార్‌కు చెప్పాను.

"వేలమందిని కూర్చోబెట్టి సగటు తీద్దామనుకున్నాం. సగటు తీస్తే ఎవరి ఏడుపూ మిగలదమ్మా. బంగారం నాణ్యం చూడాలంటే గీటురాయి ఒక్కటి చాలు. తెలుగుకు నువ్వే గీటురాయివి" అన్నారు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. పెద్దవాళ్ళు పని చెబితే చేయడం ఒక్కటే మాకు తెలుసు. సరే సార్ అన్నాను.

ఆదివారం నాన్నకు ఫోను చేశాను. మా నాన్న మార్కండేయులు మగ్గం మీద కూర్చునే ఫోను మాట్లాడతాడు. స్పీకర్ పెట్టి పక్కన పడేస్తాడు. మాటల వెనక మగ్గం ఆడుతూనే ఉంటుంది.

"ఇంతకీ ఏం పనమ్మా అది? అర్థమయ్యేట్టు చెప్పు."

"చప్పుళ్ళు వింటూ కూర్చోవడం నాన్నా."

"దానికి ఎమ్మెస్సీ దేనికే? మీ నాయనమ్మ వీధరుగు మీద కూచుని ఊరికే చేసేది."

వెనక నుంచి మా అన్నయ్య భావన్న నవ్వు వినిపించింది.

*

కొలిచే గది గోడలకు మెత్తలు కొట్టి ఉండేవి. అద్దం అవతల సార్ కూర్చునేవారు. "తయారేనా అమ్మా?" అనేవారు. ఒక చప్పుడు వచ్చేది. సంతాప దినాల్లో రేడియోలో వచ్చే షెహనాయి లాంటిది. గొంతులో ఉండ కట్టేది. అప్పుడు పట్టీ సన్నగా వణకడం మొదలుపెట్టేది. తక్కెడలో ఒక పక్క బరువుంటే రెండో పక్క రాళ్ళు వేసుకుంటూ పోతాం చూడండి, అలా, నా గొంతు ఎంత బిగుసుకుంటే పట్టీ దానికి ఎదురుగా అంత వణికేది. ఉండ కరిగిపోయేది. ముల్లు మధ్యలో నిలబడేది. ఎంత వణికితే కరిగిందో అదే దాని బరువు. సార్ ఆ అంకె చదివేవారు. తర్వాతి చప్పుడు వచ్చేది.

నార్వేలో సిగ్రిడ్ అనే ఆవిడ వాళ్ళ గీటురాయి. మా ఇద్దరి దగ్గర ఒకే బరువు తూగిన చప్పుళ్ళను యంత్రం జత కలిపేది.

మొదట్లో నాకది ఇష్టంగానే ఉండేది. ఏ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చి నాలో కూర్చుందో తూచినప్పుడు తెలిసేది. సినిమాలో పెద్దింటి అమ్మాయి రాగానే వీణ మోగుతుంది. రౌడీ దిగగానే డప్పు మోగుతుంది. డప్పు విన్నప్పుడు నా భుజాలు ముడుచుకున్నాయి. మా ఊళ్ళో డప్పంటే జాతర. దాని వెంట గెంతుకుంటూ పోయేవాళ్ళం. నా భుజాలకు ఆ భయం నేర్పింది సినిమాలే. ఎవరి వాద్యాన్ని ఎవరికి అంటగట్టారో ఎన్నడూ ఆలోచించకుండానే భయపడటం నేర్చుకున్నాను. సార్‌తో ఈ మాట అంటే ఆయన తలూపి, "అక్కడా అంతే. ఆ దేశం సినిమాలో మనలాంటివాడు కనపడితే వెనకాల పాములవాడి బూర ఊదుతారు" అన్నారు.

పసిబిడ్డ ఏడుపు కూడా తూచాం. ల్యాబులో చప్పుళ్ళు దాచే మా అరలో ఒకే ఒక్క పసిబిడ్డ ఏడుపుంది. ఎప్పుడో రికార్డు చేసింది. మన సినిమాల్లో ఆస్పత్రి తలుపు వెనక పుట్టిన బిడ్డలందరూ ఆ ఒక్క ఏడుపే ఏడుస్తారు. సార్ దాన్ని ఎక్కడ విన్నా గుర్తుపడతారు. "మనవాడే" అంటారు.

ఆ ఏడుపును చాలాసార్లు తూచాల్సి వచ్చింది. ముల్లు నిలబడేది కాదు.

*

మా ఆయన నాగేంద్రం గారు కోఠిలో కళ్ళద్దాల షాపులో పనిచేస్తారు. మా పాప పేరు వరలక్ష్మి, వరం అంటాం. అప్పుడప్పుడే మూడో ఏడు వచ్చింది.

ఒక ఆదివారం నేను హాల్లో ఇస్త్రీ చేస్తున్నాను. పాప మంచం మీద నుంచి పడింది. దబ్బున చప్పుడు, ఆ వెంటనే ఏడుపు. అది ఏడుపని నాకు తెలుసు. మా పాపదని తెలుసు. మా అరలో ఉన్న ఏడుపు కంటే కొంచెం పై శ్రుతిలో ఉందని కూడా తోచింది. చొక్కా చేతులు మడత పెట్టాను. కాలరు తిప్పాను.

మా ఆయన స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పాపను ఎత్తుకుని నా ముందుకొచ్చి నిలబడ్డారు. నుదుటి మీద బొప్పి కట్టింది.

"వినపళ్ళేదా నీకు?"

"వినపడిందండీ."

"మరి?"

ఇస్త్రీపెట్టె తీసి పక్కన నిలబెట్టాను.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏడుపు వినపడితే లేవాలి. చేతిలో ఏమున్నా పడేసి లేవాలి. ఎత్తుకోవాలి, వీపు నిమరాలి, ఎక్కడ నొప్పి అని అడగాలి. అన్నీ సరైన వరసలోనే చేసేదాన్ని. పాపకు తేడా తెలిసిందో లేదో నాకు తెలియదు. మా ఆయనకు తెలిసింది. నేను లేచినప్పుడల్లా ఆయన నా కాళ్ళ వైపు చూసేవారు.

తర్వాత ఒక్కొక్కటీ గమనించాను. రైలు కూత ఉత్త కూత అయింది. పక్క వాటాలో పెళ్ళి జరిగితే సన్నాయి ఎంత దూరం నుంచి వస్తోందో తెలిసింది, అంతే తెలిసింది. బాధగా ఏమీ లేదు. బాధగా లేకపోవడమే దాని లక్షణం కాబట్టి దాని మీద ఫిర్యాదు చేయాలని కూడా అనిపించదు. పనిలో తప్పు కనపడితే చెప్పాలి కాబట్టి సార్ దగ్గరకు వెళ్ళి చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తూచడమే అనుకున్నానమ్మా. చెరిపేస్తున్నామని అనుకోలేదు."

"పట్టీ లేకపోయినా నా గొంతే ఎదురు వణుకుతున్నట్టుంది సార్. నేర్చేసుకుంది."

"గీటురాయి కూడా అరుగుతుందని మరిచిపోయాను" అన్నారు. కళ్ళజోడు కోసం బల్ల మీద తడుముకున్నారు. ఆ తడుములాట నాకు కనపడింది గానీ దానికి నేనేం చేయాలో గుర్తురాలేదు.

పని ఆపేశారు. విశ్రాంతి ఇచ్చారు. డాక్టర్లకు చూపించారు. వానాకాలం వచ్చి వెళ్ళింది. తిరిగి వచ్చి పాత చప్పుళ్ళు మళ్ళీ విన్నాను. ఏదీ తిరిగి రాలేదు. మిగిలింది ఒక్కటే, మగ్గం ఆగడం. దాన్ని ఇంకా తూచలేదు. ఎంత బరువో తెలుసు కాబట్టి ఆఖరుకు దాచారు.

"వద్దంటే ఆపేద్దాం. ఆ కుర్ర దర్శకుడి సినిమాను ఉన్నది ఉన్నట్టే పంపుతాం. అక్కడ అర్థం కాకపోతే పోనీ" అన్నారు సార్.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం కంచం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నారు.

"అదీ ఇచ్చేస్తే ఇంక నీ దగ్గరేం మిగుల్తది భద్రా?"

"మా వీధిలో ఎన్ని మగ్గాలు అర్ధాంతరంగా ఆగాయో మీకు తెలుసు. అద్దకం రంగు తాగినవాళ్ళు, దూలానికి ఉరేసుకున్నవాళ్ళు. పేపర్లో లోపలి పేజీలో మూల ఇంత వార్త వస్తుంది. హైదరాబాదులో వేస్తేనే సౌండు పోయిందన్నారు. బయటివాళ్ళు ఒక్కసారైనా వినొద్దా?"

"విననీ. దానికి నువ్వు చెవిటిదానివి కావాలా?"

"నాన్న బాగానే ఉన్నాడుగా అండీ. మగ్గం ఆడుతూనే ఉంది. ఇప్పట్లో దాంతో నాకు పనేముంది?"

ఆయన కంచం దగ్గర నుంచి లేచిపోయారు. నేను ఇప్పటికీ ఆ మాటలో తప్పు పట్టలేను. లెక్క ప్రకారం సరైన మాటే.

మర్నాడు కూర్చున్నాను. టకటకలు మొదలయ్యాయి. మా ఇల్లు, నూలు గంజి వాసన, కండెలు చుట్టే మా అమ్మ మోచెయ్యి, అన్నీ వచ్చాయి. మగ్గం ఆగింది. పుస్తకాలు సర్దుకుని లేవాలనిపించింది. పట్టీ వణికింది. చాలాసేపు వణికింది. ఆ తర్వాత గదిలో నేనూ కుర్చీ మిగిలాం.

అద్దం అవతల సార్ అంకె చదవలేదు. పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

*

యంత్రం జత వెతికింది. నార్వే కోసం దొరికింది ఒక కెటిల్.

అక్కడి చిన్న ఊళ్ళలో ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటారట. పొద్దున్నే పొయ్యి మీద కెటిల్ పెడతారు. నీళ్ళు మరిగితే అది కూత పెడుతుంది, వాళ్ళు లేచి దించుతారు. ఎప్పుడైనా అది కూస్తూనే ఉంటే, ఎంతకీ ఎవరూ దించకపోతే, పక్కింటివాళ్ళు కోటు తొడుక్కుని వచ్చి తలుపు తడతారు. సిగ్రిడ్ దగ్గర ఆ కూత నా మగ్గమంత బరువు తూగింది.

అక్కడ వేసిన ప్రదర్శనను మేం ల్యాబులో తెర మీద చూశాం. ఇల్లాలు పులుసు కలుపుతోంది. గోడ అవతల మగ్గం లేదు. సన్నగా కెటిల్ కూత. అది పెరుగుతోంది. ఎవరూ దించడం లేదు. గరిటె తిరిగి తిరిగి ఆగింది. హాల్లో ఒకాయన తల దించుకున్నాడు. ఒకావిడ పక్కావిడ చెయ్యి పట్టుకుంది. దీపాలు వెలిగాక కూడా ఎవరూ లేవలేదు. మా ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత తెర మీదకు సిగ్రిడ్ వచ్చింది. నెరిసిన జుట్టు, ఊలు స్వెట్టరు. మేమిద్దరం ఎప్పుడూ చూసుకోలేదు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. నావీ అంతే. ఒకరికొకరం మర్యాదగా తలూపుకున్నాం.

నాన్నకు ఫోనులో అంతా చెప్పాను.

"మన మగ్గం తీసేసి కెటిలు పెట్టారా?"

"అవును నాన్నా. వాళ్ళకు అర్థం కావాలి కదా."

"బానే ఉంది. అయితే వాళ్ళు ఏడ్చింది మన నేతగాడి కోసమా, వాళ్ళ మేనత్త కోసమా?"

"అదీ ఇదీ ఒకటే బరువు నాన్నా. తూచాం."

"బరువు సరేలేవే. మనోడి పేరన్నా వినపడిందా వాళ్ళకి?" అని, జవాబు కోసం చూడకుండా, "అల్లుడు బాగున్నాడా? వరాన్ని ఒకసారి తీసుకురా. మొహం మర్చిపోయేట్టున్నా" అన్నాడు. వెనక మగ్గం ఆడుతూనే ఉంది.

తీసుకెళ్ళలేదు. పని ఉండింది.

మాఘమాసంలో అన్నయ్య ఫోను చేశాడు. నాన్న టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాడట. ఆస్పత్రి దాకా కూడా వెళ్ళలేదు.

"వస్తున్నా అన్నయ్యా" అన్నాను. బట్టలు సర్దాను. పాపకు పాలసీసా, దుప్పటి పెట్టాను. ఏదీ మర్చిపోలేదు.

మా నేతగాళ్ళ వీధి మొదట్లోనే మా ఆయన ఆటో ఆపించారు. నా మొహం వైపు చూస్తూ దిగారు. మధ్యాహ్నపు ఎండ. వీధి వీధంతా నిశ్శబ్దం. ఒక్క మగ్గం లేదు. ఎవరింట్లోనో నీళ్ళ బకెట్ కింద పెట్టిన చప్పుడు స్పష్టంగా వినపడింది. నేను అక్కడే నిలబడి విన్నాను. కాసేపు ఆగితే ఏమైనా వస్తుందేమోనని ఇంకాసేపు నిలబడ్డాను. ఎండ వేడి తెలిసింది. చెప్పులో ఇసుక తెలిసింది.

"పదండి" అన్నాను.

నాన్నను వాకిట్లో పడుకోబెట్టారు. అన్నయ్య నన్ను చూసి గోడకు తల కొట్టుకున్నాడు. వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. ఎదురింటి రుక్మిణి పిన్ని నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఏడువమ్మా భద్రా. లోపల పెట్టుకోమాక. గుండె పగుల్తది."

"ఏడుస్తాలే పిన్నీ."

"ఎప్పుడు?"

వెనక ఎవరో ఆడమనిషి, "చదువుకున్న పిల్లలు మనలాగ బయటపడరులే" అంది. ఇంకొకావిడ, "ఏం చదువమ్మా, తండ్రికి ఒక్క చుక్క రాల్చని చదువు" అంది. ఇద్దరన్నదీ నిజమే.

అన్నయ్య కొరివి పెట్టాడు. మగవాళ్ళు స్నానాలు చేసి వచ్చాక వీధిలో మగ్గాలు ఒక్కొక్కటీ మళ్ళీ మొదలయ్యాయి. కూడు కావాలి కదా. మా ఇంటి మగ్గం మాత్రం పెద్దకర్మ దాకా ఆగే ఉంటుంది. మా వీధిలో ఇంకో పద్ధతి ఉంది. కొరివి పెట్టినవాడు నెల తిరిగేదాకా అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టకూడదు. పెద్దకర్మ మర్నాడు ఆ ఇంటి ఆడబిడ్డే మగ్గంలో దిగి మొదటి నాడె వేయాలి. వేస్తేనే పోయినవాడు నేతలో వదిలిన పోగు ముందుకు సాగుతుంది అంటారు.

ఆ రోజుల్లో వరం ఆ వీధికి అలవాటుపడింది. హైదరాబాదులో నిద్రకు గంటసేపు ఏడిపించేది. ఇక్కడ రుక్మిణి పిన్ని మగ్గం పక్కన చాప మీద కూర్చుని, నాడె అటూ ఇటూ పోతుంటే కళ్ళతో దాని వెంట పోయి పోయి, అలాగే ఒరిగి నిద్రపోయేది. "మా పిల్లే ఇది. రక్తం ఎక్కడికి పోద్ది" అనేది పిన్ని.

పెద్దకర్మ మర్నాడు నేను నాన్న మగ్గంలో దిగాను. గుంటలో కాళ్ళు పెడితే తొక్కుడు చెక్కలు చల్లగా తగిలాయి. ఆయన కాళ్ళు అరగదీసిన గుంటల్లో నా మడమలు సరిపోలేదు. సగం నేసిన చీర. అంచు మెరూను రంగు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. పిడి లాగాను. నాడె సగం దాకా పోయి ఆగింది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండోసారి లాగాను. అవతలి చివరకు పోయి తగిలింది.

"నాన్నా" అన్నాడు అన్నయ్య, ఎవరితోనో అన్నట్టు.

పోగు సాగింది కాబట్టి వాళ్ళంతా భోజనాలకు లేచారు. వీధంతా భోజనాల వేళ. ఒక్కొక్క మగ్గమే ఆగుతోంది. నాకు ఆకలిగా లేదు. మొదలుపెట్టిన పని కదా అని నేస్తూ ఉన్నాను. మా ఆయన పాపను తెచ్చి నా పక్కన చాప మీద వదిలి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. అది నాడెను చూస్తూ చూస్తూ నిద్రపోయింది. చేతులకు పాత అలవాటు తిరిగి వచ్చింది. వీధి మొత్తం మీద ఇప్పుడు మా మగ్గం ఒక్కటే ఆడుతోంది.

ఫోను మోగింది. ఇమ్మానుయేలు సార్. సార్ ఫోను చేస్తే ఎత్తాలి. మగ్గం ఆపాను.

"భద్రావతీ, రాలేకపోయానమ్మా. ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నాను సార్."

చాప మీద వరం కదిలింది. కళ్ళు తెరవకుండానే దాని కింది పెదవి ముందుకు వచ్చింది. గొంతు దగ్గర చిన్న ఎముక పైకీ కిందికీ ఆడింది. ఆ ఆట నాకు తెలుసు. తెర మీద నా గీత అలాగే లేచేది. తర్వాత నోరు తెరిచి ఏడ్చింది. పడ్డప్పటి ఏడుపు కాదు, ఆకలి ఏడుపు కాదు.

ఫోను చెంపకు నొక్కుకుని, ఖాళీగా ఉన్న చేత్తో పిడి లాగాను. టక్. పాప ఆగింది. చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంది. నేను ఆపాను. మళ్ళీ ఏడ్చింది. ఇంకొక్కసారి చేసి చూస్తే నిర్ధారణ అవుతుంది. పిడి దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆపేశాను.

"ఇలాంటి సమయంలో అడగకూడదు. పై నుంచి ఒత్తిడి ఉంది" సార్ అంటున్నారు. "యంత్రం నిలబడాలంటే కొత్త గీటురాయి కావాలి. ఈసారి జాగ్రత్తగానే తూస్తాం, నేను మాటిస్తున్నాను. మీ వీధిలో ఆ చప్పుడులో పెరిగినవాళ్ళు ఎవరైనా... చిన్నపిల్లలైతే మరీ మంచిది. గొంతు తేటగా ఉంటుంది."

"లేరు సార్. ఇప్పుడు పిల్లలెవరూ మగ్గాల దగ్గర పెరగట్లేదు."

సార్ చెవులు మామూలు చెవులు కావు.

"ఆ ఏడుపెవరిదమ్మా? మగ్గం ఆగగానే మొదలైంది."

సార్‌తో నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఎలా ఆడాలో కూడా తెలియదు. వరం నా మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. ఏడుపు వినపడితే లేవాలని నియమం. ఎత్తుకోవాలి, నిమరాలి, అడగాలి. తర్వాత ఏం చేయాలో అందులో లేదు.

"టీవీ సార్. మా వదిన సినిమా చూస్తోంది."

"మన అరలో ఏడుపులా లేదే."

"కొత్త సినిమా సార్" అన్నాను. "ఉంటాను."

ఫోను కట్టేసి, మగ్గం పక్కనున్న గంజి గిన్నె అవతల పెట్టాను. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. వీపు నిమిరాను. ఏమీ అనిపించలేదు. గుంటలో కాళ్ళు సర్దుకుని పిడి లాగాను. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. పాప వెక్కిళ్ళు తగ్గాయి. తల నా గొంతు మీద ఆనించింది.

వదిన గుమ్మంలోకి వచ్చి, "ఇంక ఆపి అన్నానికి రా భద్రా" అంది.

"దీన్ని పూర్తిగా నిద్రపోనీ వదినా" అన్నాను. మగ్గం ఆపలేదు.